జూన్ 25 పేజీ

జూన్ ఆఖరి వారమంటే డెల్టాలో ఎవరికీ తీరిక ఉండదు. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్ళు వదిలాక ఆకుమళ్ళ పని తరుముకొస్తుంది. వడ్లు నానబెట్టి, మండె కట్టి, మొలక చూసి చల్లాలి. వాన ఎక్కువైతే మడిలో నీళ్ళు తీసెయ్యాలి, లేకపోతే మొలక కుళ్ళిపోతుంది. అలాంటి రోజుల్లో పడింది మన ఆటల పిచ్చోళ్ళందరికీ గుర్తుండిపోయిన తారీఖు, జూన్ 25.

ఒకప్పుడు ఇటు పాలకొల్లు, భీమవరం వైపు గానీ, అటు అమలాపురం, రాజోలు వైపు గానీ ఆటలంటే చెవి కోసుకునేవాళ్ళు కొందరు తారీఖు పుస్తకాలు రాసేవాళ్ళు. కిరాణా కొట్టులో పద్దులు రాసే పొడుగు పుస్తకమే. ఏడాదికి 366 పేజీలు, తారీఖుకో పేజీ. ఏ సంవత్సరంలో జరిగినా సరే, ఆ తారీఖున జరిగింది ఆ పేజీలోకే వెళ్ళాలి. కత్తిరించిన పేపరు ముక్కలు మైదా జిగురుతో అంటించేవారు. జిగురు ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వెయ్యకపోతే రెండు వానాకాలాలు తిరిగేసరికి పురుగు పుస్తకాన్ని జల్లెడ చేసేది. సిరా పెన్నుతో రాస్తే మన గాలిలోని చెమ్మకి అక్షరం ఊరిపోయేది. తెలిసినవాళ్ళు పెన్సిలే వాడేవారు.

ఈ పుస్తకాల్లో దొర్లే పెద్ద తప్పు ఒకటే, తారీఖు. పేపరు మీద ఉండేది పేపరు తారీఖు, ఆట తారీఖు కాదు. వార్తలో "శనివారం" అని మాత్రమే ఉంటుంది. ఆ శనివారం ఏ తారీఖో వెనక్కి లెక్కకట్టకుండా, కత్తిరించిన రోజునే రాసేస్తే ఆట కాస్తా పక్క పేజీలోకి పోతుంది. ఇంకో చిక్కు గడియారంది. దాని సంగతి ఫుట్‌బాల్ దగ్గర చెప్పుకుందాం.

ముందు 1983. ఆ జూన్ 25 శనివారం. లండన్ లార్డ్స్ మైదానంలో ప్రుడెన్షియల్ కప్ (అప్పటి క్రికెట్ ప్రపంచకప్) ఫైనల్, మనకీ వెస్టిండీస్‌కీ. మన టైములో మధ్యాహ్నం మూడు దాటాక మొదలై అర్ధరాత్రి కావస్తుండగా ముగిసింది. అప్పటికి డెల్టా పల్లెల్లో టీవీ మాటే లేదు. ఉన్నదల్లా రేడియో, అందులోనూ షార్ట్‌వేవ్. అది పట్టుకోవడం ఒక విద్య.

విద్యలో సగం ఏరియల్‌దే. ముప్పై నలభై అడుగుల రాగి తీగని వీలైనంత ఎత్తున కట్టాలి. మనకి ఎత్తుకి కరువేముంది, కొబ్బరిచెట్లుండగా! కానీ రెండు చెట్ల మధ్య బిగించి కడితే తీగ నాలుగు రోజులు కూడా ఆగదు. గాలికి ఒక చెట్టు అటూ ఒకటి ఇటూ ఊగితే మధ్యలో తీగ తెగి ఊరుకుంటుంది. అందుకని ఒక కొన చెట్టుకి కట్టి, రెండో కొన తాడుని చిన్న కప్పీ మీదుగా దింపి అర ఇటుక వేలాడదీసేవారు. చెట్టు ఊగినప్పుడల్లా ఇటుక పైకీ కిందికీ ఆడుతుంది, తీగ మాత్రం పదిలం. తీగ నేరుగా చెట్టుని తాకకూడదు. మధ్యలో పింగాణీ గుండో, అది దొరక్కపోతే సోడాసీసా మెడో ఉండాలి. తడిసిన కొబ్బరిమట్ట తీగకి రాసుకుందంటే ఇక వ్యాఖ్యానం వినపడదు, గరగరే. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో అతుకుల దగ్గర పచ్చటి చిలుము పట్టేది. దాన్ని చింతపండుతో రుద్ది, కడిగి, ఆరాక మళ్ళీ మెలిపెట్టాలి. ఎర్తు కోసం ఇనప గొట్టాన్ని పంపు దగ్గర, ఎప్పుడూ తడి ఆరని చోట దిగేస్తే సరిపోయేది. ఈ ఒక్క విషయంలో మాత్రం మెట్ట ప్రాంతం వాళ్ళ కంటే మనం అదృష్టవంతులం. ఉరిమితే మాత్రం ఆట ఎంత రసపట్టులో ఉన్నా ఏరియల్ పిన్ను పీకెయ్యాల్సిందే. జూన్ నెల కదా, ఉరమని రోజు తక్కువ.

మిగతా సగం ముల్లు తిప్పడంలో ఉంది. షార్ట్‌వేవ్ రేడియో తరంగం ఆకాశంలో పై పొరలకి తగిలి తిరిగి కిందికి వస్తుంది. ఎండ ఉన్నంతసేపూ ఆ పొర బలంగా ఉంటుంది కాబట్టి 16, 19 మీటర్ల బ్యాండ్లలో బాగా పలుకుతుంది. పొద్దుగూకాక పొర పలచబడుతుంది. అప్పుడు 25కీ, 31కీ దిగాలి. ఇది తెలియని ఇంట్లో మన ఓపెనర్ శ్రీకాంత్ ఆడుతున్నంతసేపూ గంటలా మోగిన రేడియో, దీపాలు పెట్టే వేళకి చెవిలో గుసగుసలాడినట్టు అయిపోయేది. రేడియో పాడైందనుకుని నెత్తిన రెండు మొట్టేవారు పాపం. పాడవలేదు, సూర్యుడు దిగాడంతే.

సెల్లుల సంగతి ఇంకోటి. నాలుగు పెద్ద సెల్లులు, మొత్తం ఆరు వోల్టులు. అవి నీరసపడితే ముందు పోయేది షార్ట్‌వేవే. విజయవాడ కేంద్రం మీడియంవేవ్‌లో చక్కగా పాడుతూనే ఉంటుంది, లండన్ మాత్రం పలకదు. పాతవాటిలో రెండు తీసి కొత్తవి రెండు వేసే పొదుపు పనికిరాదు. పాతవి కొత్తవాటిని కూడా లాగేస్తాయి. మధ్యాహ్నం ఎండలో పెట్టి తీస్తే ఓ గంట ప్రాణం వచ్చేది గానీ, ఫైనల్‌కి గంట ఏం చాలుతుంది?

మనవాళ్ళు ముందు బ్యాటింగ్ చేసి 54.4 ఓవర్లలో 183కి ఆలౌటయ్యారు. అప్పట్లో 60 ఓవర్ల ఆట, ఒక్కో బౌలరుకి 12 ఓవర్లు. అందరికంటే ఎక్కువ శ్రీకాంత్ కొట్టిన 38. పాటిల్ 27, అమర్‌నాథ్ 26. గవాస్కర్ రెండు పరుగులకే అవుట్. 161 దగ్గర తొమ్మిదో వికెట్ పడ్డాక కిర్మానీ, సంధూ కలిసి 22 పరుగులు జోడించారు. మార్షల్ బంతి సంధూ హెల్మెట్‌కి తగిలింది కూడా. ఆ 22 గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, గెలిచింది 43 పరుగుల తేడాతో అని గుర్తుపెట్టుకుంటే అందులో సగం అక్కడే ఉంది.

184 పెద్ద లక్ష్యమేం కాదు, ఓవరుకి మూడు పైచిలుకు. సంధూ వేసిన బంతి బయటికి పోతుందని గ్రీనిడ్జ్ బ్యాటెత్తి వదిలేస్తే అది లోపలికి తిరిగి వికెట్లని పడేసింది. 5 పరుగులకి ఒక వికెట్. అక్కణ్ణుంచి రిచర్డ్స్ 28 బంతుల్లో 33, అందులో ఏడు ఫోర్లు. స్కోరు 50 దాటేసరికి రేడియో చుట్టూ కూర్చున్నవాళ్ళలో సగంమంది భోజనాలకి లేచిపోయే పరిస్థితి.

రిచర్డ్స్ అవుటైన బంతిని రేడియోలో విన్నవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది. షార్ట్‌వేవ్ ధ్వని కెరటంలా లేచి పడుతుంది. మదన్‌లాల్ వేశాడు, రిచర్డ్స్ లేపాడు అన్నంతవరకే వినపడి, తర్వాత ఒకటే హోరు. లార్డ్స్‌లో వెస్టిండీస్ జనమూ ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు. ఆ హోరు సిక్సర్‌దో క్యాచ్‌దో ఎలా తెలుస్తుంది? ముల్లు తిప్పకూడదు. తిప్పితే ఉన్న స్టేషనూ పోతుంది. ధ్వని మళ్ళీ లేచేదాకా పెన్సిలు గాల్లో పెట్టుకుని కూర్చోవాలి. అక్కడేమో కపిల్‌దేవ్ వెనక్కి తిరిగి పరుగెడుతున్నాడు. భుజం మీదుగా దిగుతున్న బంతి మీద నుంచి కన్ను తియ్యకుండా, ఎదురుగా ఇంకో ఫీల్డరు వస్తున్నా తగ్గకుండా వెళ్ళి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. 57కి మూడు. ఆ తర్వాత 66కి నాలుగు, 66కే ఐదు, 76కి ఆరు. డూజాన్, మార్షల్ కలిసి 119 దాకా లాక్కొచ్చి గుండెల్లో రాయి వేశారు. అమర్‌నాథ్ నెమ్మదిగా వేసి ఇద్దర్నీ పంపాడు, చివరికి హోల్డింగ్‌ని ఎల్‌బీడబ్ల్యూ చేసి ముగించాడు. 52 ఓవర్లు, 140.

స్కోరు రాసేవాళ్ళ కోసం ఒక మాట. రేడియో విని రాసినది సరిగ్గా ఉందో లేదో తేల్చుకునే పద్ధతి ఉంది. మన బౌలర్లు ఇచ్చిన పరుగులు వరసగా వేసుకోండి: కపిల్ 21, సంధూ 32, మదన్‌లాల్ 31, బిన్నీ 23, అమర్‌నాథ్ 12, ఆజాద్ 7. మొత్తం 126. వెస్టిండీస్ బ్యాట్స్‌మెన్ కొట్టినవి కూడితే అవీ 126. ఎక్స్‌ట్రాలు 14 కలిపితే 140. ఆ 14లో పది వైడ్లు. ఈరోజుల్లో అయితే ఆ పదీ బౌలర్ల ఖాతాలోకి వెళ్ళేవి, అప్పట్లో వెళ్ళేవి కావు. ఇప్పటి లెక్కతో పాత పుస్తకాన్ని దిద్దబోయి, పది పరుగులు ఎక్కడ పోయాయా అని తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

ఇదే పేజీలో పైన ఉండాల్సింది 1932. అదీ లార్డ్సే, అదీ జూన్ 25 శనివారమే. ఇండియా ఆడిన మొట్టమొదటి టెస్టు ఆరోజు మొదలైంది. కెప్టెన్ మన సి.కె. నాయుడు, కొఠారి కనకయ్య నాయుడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగాయన. జట్టుకి పేరుకి కెప్టెన్ పోరుబందరు మహారాజు. ఆయన తన ఆట ఎంతో తనకే తెలిసినవాడు కాబట్టి పక్కకి తప్పుకున్నాడు. రాజుల కాలంలో అదేం చిన్న విషయం కాదు. ఇంగ్లండు ముందు బ్యాటింగ్‌కి దిగితే మొహమ్మద్ నిస్సార్ సట్‌క్లిఫ్‌నీ హోమ్స్‌నీ బౌల్డ్ చేశాడు, వూలీ రనౌట్. 19కి మూడు వికెట్లు! జార్డిన్ 79 కొట్టి నిలబెట్టాడు గానీ లేకపోతే ఆ రోజు కథ వేరేలా ఉండేది. నిస్సార్‌కి 93 పరుగులకి ఐదు. నాయుడు ఫీల్డింగులో చెయ్యి దెబ్బతిన్నా, తర్వాత బ్యాటింగ్‌లో 40 కొట్టాడు, మన మొదటి ఇన్నింగ్స్‌లో అదే ఎక్కువ. చివరికి 158 పరుగులతో ఓడాం. అదే నాయుడు ఇరవై ఏళ్ళు గడిచాక, 1953-54లో, రంజీలోకి కొత్తగా అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకి కెప్టెన్‌గా దిగాడు. అప్పటికాయన వయసు 58.

ఈ టెస్టు దగ్గర పుస్తకాల్లో ఒక పొరపాటు తరచూ కనపడుతుంది. జూన్ 25 నుంచి 28 అనగానే నాలుగు రోజులు ఆడారని రాసేస్తారు. అది మూడు రోజుల టెస్టు. 26 ఆదివారం, ఆట లేదు.

లార్డ్స్ వదిలేలోపు ఇంకొకటి, 1963. వెస్టిండీస్‌తో టెస్టు ఆఖరి రోజు జూన్ 25నే. ఇంగ్లండు లక్ష్యం 234. ఆ చివరి రోజు వెస్టిండీస్ బౌలరు వెస్ హాల్ 200 నిమిషాలు ఆపకుండా ఒక కొస నుంచి వేశాడు. ఆఖరి ఓవర్లో తొమ్మిదో వికెట్ పడింది, ఇంకా రెండు బంతులు, ఆరు పరుగులు. అంతకుముందు హాల్ బంతికే ఎడమ చెయ్యి విరిగిన కౌడ్రీ కట్టుతోనే దిగాడు. తనే ఆడాల్సి వస్తే విరిగిన చెయ్యి వెనక ఉండేలా ఎడమచేతివాటంగా నిలబడదామని ఆయన ఆలోచన. ఆ అవసరం రాలేదు, ఆ రెండు బంతులూ అవతలి కొసన అలెన్ ఆడేశాడు. 228కి తొమ్మిది, డ్రా. గెలుపూ ఓటమీ లేని ఆటని ఇంతకాలం చెప్పుకోవడం ఒక్క టెస్టు క్రికెట్‌లోనే సాధ్యం.

ఇక గడియారం చిక్కు. ఫుట్‌బాల్ వాళ్ళ జూన్ 25 పేజీ మనకంటే నిండుగా ఉంటుంది గానీ, మన గోడ మీది కాలెండరు చూస్తే అందులో చాలా మటుకు 26లోకి జారిపోతుంది. 1978 ప్రపంచకప్ ఫైనల్ బ్యూనస్ ఎయిరెస్‌లో మధ్యాహ్నం మూడు గంటల ఆట. మనకి రాత్రి పదకొండున్నర. అదనపు సమయం కూడా ఆడారు కాబట్టి అర్జెంటీనా 3-1తో కప్పు ఎత్తేసరికి ఇక్కడ తారీఖు మారిపోయింది. 1986 సెమీఫైనల్స్ ఇంకా విచిత్రం. రెండూ జూన్ 25నే. జర్మనీ, ఫ్రాన్స్ ఆట మెక్సికోలో మధ్యాహ్నం పన్నెండుకి, అంటే మనకి 25 రాత్రి పదకొండున్నరకి మొదలైంది. మారడోనా బెల్జియం మీద రెండు గోల్స్ కొట్టిన ఆట అక్కడ సాయంత్రం నాలుగుకి, మనకి 26 తెల్లవారుజామున మూడున్నరకి. ఒకే రోజు జరిగిన రెండు సెమీస్ మన లెక్కలో రెండు రోజులు! అదే మారడోనా ప్రపంచకప్‌లో ఆఖరుసారి ఆడిన ఆట కూడా ఈ తారీఖే, 1994, నైజీరియా మీద 2-1. ఆట అవగానే ఒక నర్సు చెయ్యి పట్టుకుని డోపింగ్ పరీక్షకి తీసుకెళ్ళింది. అదీ మనకి 26 వేకువజామున్నే.

అందుకని తారీఖు పుస్తకానికి ఒకటే సూత్రం: మైదానం ఎక్కడుందో అక్కడి తారీఖే రాయాలి, పక్కన చిన్న అక్షరాల్లో మన టైము. ఇది పాటించకపోతే పుస్తకం రెండేళ్ళలో గందరగోళం.

హాలండు వాళ్ళకి ఈ తారీఖుతో ఏదో పాత లెక్క ఉన్నట్టుంది. 1978లో ఆఖరి నిమిషంలో రెన్సెన్‌బ్రింక్ కొట్టిన బంతి గోల్‌పోస్టుకి తగిలి తిరిగొచ్చింది. ఇంకో జానెడు లోపలికి పడితే కప్పు వాళ్ళదే. సరిగ్గా పదేళ్ళకి, 1988 జూన్ 25న మ్యూనిక్‌లో సోవియట్ యూనియన్ మీద 2-0తో యూరో కప్పు గెలిచారు. గుల్లిట్ తలతో ఒకటి, వాన్ బాస్టెన్ దాదాపు గీత పక్కనుంచి గాల్లోనే తన్నింది ఇంకొకటి. ఆ మూల నుంచి గోల్‌పోస్టు సందు కనపడడమే కష్టం. 1994లో ఇదే రోజు బెల్జియం చేతిలో 1-0తో ఓటమి. 2006లో పోర్చుగల్ చేతిలో 1-0, ఆ ఆటలో రిఫరీ 16 పసుపు కార్డులు, 4 ఎర్రకార్డులు చూపించాడు. అది ఫుట్‌బాలో, తిరణాల తగువో!

1982 జూన్ 25ది మాత్రం సిగ్గుచేటు. స్పెయిన్‌లోని గిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా. అల్జీరియా తన ఆటలన్నీ ముందురోజే ముగించేసింది. జర్మనీ ఒకటో రెండో గోల్స్ తేడాతో గెలిస్తే ఈ రెండు జట్లూ పైకెళ్ళి అల్జీరియా ఇంటికెళ్తుందని ఇద్దరికీ లెక్క తెలుసు. పదో నిమిషంలో రూబెష్ గోల్ కొట్టాడు. ఇక మిగతా ఎనభై నిమిషాలూ బంతిని అటూ ఇటూ తోసుకుంటూ కాలక్షేపం చేశారు. తర్వాతి ప్రపంచకప్ నుంచి గ్రూపులో ఆఖరి ఆటలు రెండూ ఒకే సమయానికి పెట్టడం మొదలైంది ఈ దెబ్బకే.

ఈ పేజీలో మనవాళ్ళు రాసుకోవాల్సిన ఇంకో వరస 2017ది. రావులపాలెం అంటే అరటి గెలల మార్కెట్టు, గౌతమి మీద వంతెన అనే అందరికీ గుర్తు. బ్యాడ్మింటన్ ఆటగాడు కిడాంబి శ్రీకాంత్ పుట్టిన ఊరు అదే. ఆ జూన్ 25 ఆదివారం సిడ్నీలో ఆస్ట్రేలియన్ ఓపెన్ సూపర్ సిరీస్ ఫైనల్, ఎదురుగా రియో ఒలింపిక్ ఛాంపియన్ చెన్ లాంగ్. అంతకుముందు వారమే, 18న, శ్రీకాంత్ ఇండోనేషియా ఓపెన్ గెలిచి వచ్చాడు. వరసగా మూడు సూపర్ సిరీస్ ఫైనల్స్ ఆడిన మొదటి భారతీయుడు. చెన్ లాంగ్ పొడుగు మనిషి, ర్యాలీ సాగదీసి ఎదుటివాణ్ణి అలసిపోయేలా చెయ్యడం అతని పద్ధతి. సాగనిస్తే పని అయిపోతుంది. శ్రీకాంత్ సందు దొరికినప్పుడల్లా స్మాష్‌కి దిగాడు. మొదటి గేము 20-20 దాకా వెళ్ళి 22-20.

ఆ 18వ తారీఖు పేజీ కూడా ఒకసారి తిప్పి చూడండి. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద 17కి ఐదు వికెట్లు పడ్డాక కపిల్ 175 నాటౌట్. బీబీసీ సమ్మె వల్ల ఆ ఇన్నింగ్స్‌కి బొమ్మ లేదు. 2017 జూన్ 18న రావులపాలెం కుర్రాడి ఇండోనేషియా ఓపెన్. 2023 జూన్ 18న అదే ఇండోనేషియా ఓపెన్ డబుల్స్‌ని చిరాగ్ శెట్టితో కలిసి గెలిచింది అమలాపురం సాత్విక్ సాయిరాజ్. మూడు వరసల పేజీలో రెండు వరసలు కోనసీమవే.

సిడ్నీ ఫైనల్ నాటికి ఏరియల్ తీగలూ లేవు, ఇటుకలూ లేవు. చేతిలో ఫోను, చూసేవాళ్ళు ఎక్కువైతే సున్నా చుట్టుకుంటూ ఆగిపోయే బొమ్మ. ఆగితే ఏం చెయ్యాలో అప్పటిలాగే ఇప్పుడూ తెలియదు, కదపకుండా కూర్చోవడమే. జూన్‌లో లండన్ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక, సిడ్నీది సరిగ్గా నాలుగున్నర గంటలు ముందు. 1983లో అర్ధరాత్రి దాకా మేలుకున్న తారీఖున, 2017లో పగటిపూటే రాసుకోవచ్చు: శ్రీకాంత్, చెన్ లాంగ్ మీద, 22-20, 21-16.